బొమ్మ ఓడకు గాలివాటం

తెరచాప ఓడల సూక్ష్మ నమూనాలకు రంగులు వేసే అభిరుచి పాశ్చాత్య దేశాలలో ఎక్కువగా యుద్ధక్రీడతో, అంటే పూర్వపు నౌకాయుద్ధాలను నియమాల ప్రకారం బల్లమీద మళ్లీ నడిపించే ఆటతో, ముడిపడి ఉంది. నౌకాదళంలో ఎన్నడూ పనిచేయని స్కాట్లండ్ వాసి జాన్ క్లర్క్ ఇటువంటి చిన్న ఓడలను బల్లమీద జరిపి చూసుకుంటూ నౌకాయుద్ధ వ్యూహాలపై గ్రంథం రచించి, దాని తొలిభాగాన్ని 1782లో అచ్చువేయించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న కొలతలలో ఒకటైన 1:1200లో ఒక సెంటీమీటరు 12 మీటర్లకు సమానం కనుక, సుమారు 57 మీటర్ల పొడవైన ఫిరంగుల అంతస్తు గల బ్రిటిష్ యుద్ధనౌక విక్టరీ అందులో దాదాపు అయిదు సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది.

ఈ కొలత రంగును కూడా మారుస్తుంది. అర మీటరు దూరం నుంచి ఆ బొమ్మను చూడటం అసలు ఓడను 600 మీటర్ల దూరం నుంచి చూడటంతో సమానం; అంత దూరాన ఏ రంగైనా కాస్త పాలిపోయి కనిపిస్తుంది కాబట్టి, నలుపు ఉండవలసిన చోట ముదురు బూడిద రంగును, తెరచాపలకు సున్నపు తెలుపు కాక గోధుమ చాయ కలిసిన మీగడ రంగును వాడటం మేలు. మరోవైపు, ఇంత చిన్న వస్తువు మీద గదిలోని దీపం వేసే నీడలు చాలవు. వాటిని కుంచెతోనే కల్పించాలి. రంగు పట్టుకునేందుకు ముందు ప్రైమర్ పూసి, దానిపై అసలు రంగు వేసి, అది ఆరాక బాగా పలచన చేసిన ముదురు రంగును పారిస్తే, అది గాడులలో చేరి నీడగా నిలుస్తుంది. దీనిని వాష్ అంటారు. ఆపైన కుంచెకు అంటిన రంగును గుడ్డతో దాదాపుగా తుడిచివేసి, మిగిలిన పొడిపొడి రంగును ఎత్తయిన అంచులకు మాత్రమే తగిలేలా ఆడించడం డ్రై బ్రష్.

1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ వద్ద జరిగిన నౌకాయుద్ధంలో పోరాడిన బ్రిటిష్ సేనాని నెల్సన్ నౌకలలో అనేకం నలుపు, పసుపు పట్టీలతో ఉండేవి. పసుపు పట్టీలలోని ఫిరంగి కిటికీల తలుపులకు నలుపు వేయడం వల్ల, అవి మూసినప్పుడు ఓడ పక్కలు చదరంగపు గళ్లలా కనిపించేవి. ఆ నౌకలలో ఒకటైన, పోర్ట్స్‌మత్‌లో భద్రపరచిన విక్టరీకే, పాత పూతలను పొరపొరగా పరిశీలించిన మీదట, 2015లో అంతవరకున్న ముదురు పసుపు తీసి లేత రంగు వేశారు. అసలు ఓడ పసుపే మారినప్పుడు, బొమ్మకు ఏ సీసాలోని పసుపు సరైనదన్న వాదులాట కొంత నవ్వు తెప్పించేదే.

ఓడ నిలిచే పీఠం మీద సముద్రాన్ని చేయడంలోనే నిజమైన నేర్పు కనబడుతుంది. ప్లాస్టిక్ పలక మీద పల్చని కాగితాన్ని జిగురుతో ముడతలు పడేలా అతికించి గాని, అక్రిలిక్ జెల్‌ను కుంచెతో తట్టి గాని అలలు తీరుస్తారు. ఇక్కడ ఒక సెంటీమీటరు ఎత్తు అల నిజంలో 12 మీటర్ల కొండ కెరటమవుతుందని మరచినవారి ఓడలు ఎప్పుడూ తుపానులోనే ఉంటాయి. ట్రఫాల్గర్ నాటి ఉదయం గాలి మందంగా వీచింది. దూరపు గాలులు పుట్టించిన పొడవాటి పొంగు మాత్రమే సముద్రాన్ని కదిలించింది. అలల తలలపై తెల్లని నురగ గాలి గంటకు ఏడెనిమిది నాటికల్ మైళ్ల వేగం అందుకున్న తరువాతే కనిపించడం మొదలవుతుంది గనుక, ఆ యుద్ధానికి చేసే పీఠంపై తెలుపును పిసినారిగా వాడాలి. సముద్రానికి మెరిసే వార్నిష్, ఓడకు మెరుపులేని వార్నిష్ వేస్తే నీరూ కొయ్యా విడివిడిగా తోస్తాయి.

తెరచాప, అల, జెండా మూడూ ఒకే గాలికి లోబడాలి. కొత్తవారు తరచుగా జెండాను మోటారు బండి మీద జెండాలా వెనక్కి ఎగరేస్తారు. కాని వెనుక నుంచి వీచే గాలితో పోయే ఓడ ఆ గాలికన్నా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, దాని జెండా ముందుకే ఎగురుతుంది.

తెలుగు తీరం నుంచి ఒక దృశ్యం ఎంచుకోదలచినవారికి 1804 సెప్టెంబరు 15 నాటి విశాఖపట్నం యుద్ధం ఉంది. ఫ్రెంచి సేనాని లినువా మారెంగో అనే నౌకతోనూ, రెండు ఫ్రిగేట్లతోనూ, అంటే వేగంగా నడిచే మధ్యతరహా యుద్ధనౌకలతోనూ వచ్చి, రేవు వెలుపల ఉన్న సెంచూరియన్ అనే బ్రిటిష్ యుద్ధనౌకపైన, రెండు వర్తకనౌకలపైన దాడిచేశాడు. వర్తకనౌకలలో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయింది, ప్రిన్సెస్ షార్లెట్ శత్రువులకు చిక్కింది. తీరం వైపు నీటికి నీలం తగ్గించి ఇసుక కలిసిన ఆకుపచ్చ వేయాలి; బార్నబీ ఒడ్డుకు తగిలిన చోట మాత్రం తెలుపు ధారాళంగా పడవచ్చు. దాడికి ముందటి ఘట్టమైతే, లంగరు మీదున్న సెంచూరియన్‌కు తెరచాపలు చుట్టి కట్టాలి, వెనుక నురగ చాలు ఉండకూడదు. లంగరేసిన ఓడ సాధారణంగా గాలికి ముఖం తిప్పి నిలుస్తుంది గనుక, కొత్తవారు పొరపాటున వెనక్కి ఎగరేసే జెండా ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.