మూడో అయస్కాంతం ఎటు తిరగాలి?

అంతర్వేది దగ్గర, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. మామూలు అయస్కాంతం తిప్పితే మాగ్నటైట్ రేణువులు గబుక్కున అంటుకుంటాయి. ఎర్రటి గార్నెట్ మాత్రం కదలదు. దాన్ని లాగాలంటే చాలా బలమైన అయస్కాంతమే కావాలి.

గార్నెట్ స్ఫటికంలో పరమాణువుల అమరిక మహా చిత్రమైనది.

ప్రయోగశాలల్లో అదే అమరికతో గడోలీనియం గాలియం గార్నెట్‌ను పెంచుతారు. ఇందులో గడోలీనియం పరమాణువులు మూలలు కలుపుకున్న త్రిభుజాలుగా ఉంటాయి. ప్రతి పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతమే. పక్కదానికి ఎదురుగా తిరగాలని చూస్తుంది. ఒకటి పైకి, రెండోది కిందికి తిరిగాయనుకోండి. మరి మూడోది? ఎటు తిరిగినా ఎవరో ఒకరితో పేచీయే! ఈ ఇరకాటాన్నే శాస్త్రవేత్తలు ‘ఫ్రస్ట్రేషన్’ అంటారు. అందుకే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్ చేరువకు చల్లార్చినా, స్ఫటికమంతా ఒకే వరసలోకి రాదు.

ఆ చలిలోనే బయటి నుంచి సుమారు 1 టెస్లా అయస్కాంత క్షేత్రం పెడితే? అప్పటిదాకా లేని క్రమం పుట్టుకొస్తుంది! క్షేత్రాన్ని ఇంకా పెంచితే పేచీ ఓడిపోయి, బుల్లి అయస్కాంతాలన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి.

క్షేత్రం తగ్గించగానే అవి మళ్లీ చెదిరిపోతాయి, చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటాయి. హీలియాన్ని ద్రవంగా మార్చేంత చల్లదనం కోసం ఈ గార్నెట్‌ను వాడిన శీతల యంత్రాలు కూడా ఉన్నాయి.