గొర్యో హరిత పాత్రలు

మట్టి సర్వదేశాలలోనూ లభించే సామాన్య పదార్థం. దానికి అందాన్నీ, ఆయువునూ ప్రసాదించేది మానవుని చేతినేర్పు. మధ్యయుగపు కొరియా దేశంలో రూపొందిన సెలడాన్ అనే హరితవర్ణ పాత్రలు ఇందుకు చక్కని నిదర్శనం.

క్రీ.శ. 918 నుండి 1392 వరకు గొర్యో రాజవంశం కొరియాను పాలించింది. అక్కడి కుమ్మరులు ఈ విద్యను చైనా నుండి గ్రహించి, దానికి తమదైన సొగసును సంతరించారు. 1123లో గొర్యో రాజధానిని దర్శించిన చైనా రాయబారి షూ జింగ్, ఈ పాత్రల వన్నెను తన గ్రంథంలో ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఈ వన్నె రంగు పూసినందువల్ల కలిగినది కాదు. మట్టిలోనూ, మెరుగుపూతలోనూ స్వల్పంగా ఇనుము ఉంటుంది. గాలి ధారాళంగా సోకేటట్లు కాల్చితే ఆ ఇనుమే కుండకు ఎరుపునిస్తుంది. మన కుమ్మరి ఆవములో కుండలు ఎర్రబడటానికి కారణం ఇదే. గొర్యో కుమ్మరులు పాత్రలను మొదట తక్కువ వేడిలో కాల్చి, మెరుగుపూత పూసి, తిరిగి సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చేవారు. అప్పుడు ఆవములోనికి గాలి రాకను అరికట్టేవారు. మంట తనకు చాలని ప్రాణవాయువును ఇనుము నుండి లాగుకొనేది. ఎరుపు రావలసిన చోట నీలిఛాయగల ఆకుపచ్చదనం ఆవిర్భవించేది. గాలి కొంచెం ఎక్కువైతే ఆ వన్నె గోధుమరంగుకు తిరిగేది.

12వ శతాబ్దిలో వారు 'సాంగ్గమ్' అనే పొదుగుడు పనిలో అసమాన నైపుణ్యం సాధించారు. ఆరీ ఆరని పాత్రపై క్రౌంచ పక్షులను, మేఘాలను చెక్కి, ఆ గాళ్ళలో తెల్లమట్టిని, ఇనుము అధికంగా గల ఎర్రమట్టిని నింపేవారు. కాలిన తరువాత ఎర్రమట్టి నల్లబడి, పారదర్శకమైన పూత అడుగున చిత్రాలు స్పష్టంగా గోచరించేవి.

కాంగ్జిన్, బుఆన్ ప్రాంతాలు ఈ పాత్రలకు ప్రధాన కేంద్రాలు. 2007లో తేఆన్ సమీప సముద్రంలో ఒక జాలరికి చిక్కిన ఆక్టోపస్ సెలడాన్ పాత్రను పట్టుకొని ఉంది. పరిశోధకులు ఆ చోట వెదకగా, మునిగిపోయిన ఓడ ఒకటి, 20,000కు పైగా పాత్రలు బయటపడ్డాయి. వాటితోపాటు లభించిన కొయ్యబద్దలపై సరుకు బయలుదేరిన చోటు, చేరవలసిన రాజధాని వివరాలు వ్రాసి ఉన్నాయి.

ఆ పాత్రలు రాజులకు, ప్రభువులకు, బౌద్ధాలయాలకు చేరేవి. వాటిని చేసిన కుమ్మరులు మాత్రం 'సో' అనే ప్రత్యేక గ్రామాలలో నివసిస్తూ, సామాన్య ప్రజలకంటె అధికమైన పన్నుల భారాన్ని మోసేవారు. 1231లో మొదలైన మంగోలుల దండయాత్రలు దేశాన్ని అతలాకుతలం చేశాయి. 14వ శతాబ్దిలో ఈ కళ క్షీణించింది.

ఏలినవారి పేర్లు చరిత్రకెక్కాయి. కుమ్మరుల పేర్లు కాలగర్భంలో కలిశాయి. వారి చేతిపని మాత్రం వన్నె తరగక నేటికీ నిలిచి ఉంది.