బొగ్గుట్ట: సింగరేణి పుట్టిన అడవి

ఎమిరేట్స్‌లో పెరుగుతున్న మన పిల్లలకు నేల కింది సంపద అనగానే చమురు గుర్తుకు వస్తుంది. తెలుగు నేల కింద ఉన్న సంపద బొగ్గు. దానిని ‘నల్లబంగారం’ అని పిలుస్తారు.

తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఇల్లందు పట్టణం ఉన్నది. దానికి ‘బొగ్గుట్ట’ అని మరొక పేరు. టేకు, ఇప్ప, తునికి చెట్లు పెరిగే అడవి ప్రాంతమిది. కోయ గిరిజనులు తరతరాలుగా ఇక్కడ నివసిస్తున్నారు. భద్రాచలం వెళ్లే యాత్రికులు దారిలో నల్లరాళ్లను పొయ్యిగా పేర్చి వంట చేయగా, ఆ రాళ్లే అంటుకొన్నాయని నేటికీ కథగా చెప్పుకొంటారు. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇక్కడి బొగ్గును గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందినది. 1889లో తవ్వకం ఆరంభమైనది. 1920 డిసెంబరు 23న ఏర్పడిన కంపెనీకి సమీప గ్రామమైన సింగరేణి పేరే నిలిచినది.

ఈ బొగ్గు ఇరవై అయిదు కోట్ల సంవత్సరాలకు పూర్వపు అడవి. ఆనాడు భారతదేశం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ‘గోండ్వానా’ అనే ఒకే భూఖండంగా ఉండేవి. అందుచేత దక్షిణాఫ్రికాలోని నేటాల్ బొగ్గు కూడా ఆ కాలపు అడవులదే. నేటాల్‌కు చెరకు తోటల కోసం వెళ్లిన ఒప్పంద కూలీలలో మన తెలుగువారూ ఉన్నారు. తరువాత భారతీయ కూలీలు అక్కడి బొగ్గు గనులలోనూ పనిచేశారు. 1913లో న్యూకాజిల్ గని కార్మికులు పని మానివేయడంతోనే అక్కడి మహా సమ్మె మొదలైనది.

ఇక భాష సంగతి. ‘గని’ పుస్తకాలలోని మాట. సింగరేణి కార్మికుల నోట అది ‘బాయి’. తెలంగాణలో బాయి అనగా బావి. నీటి కోసం బావిలోకి దిగిన రైతు, బొగ్గు కోసం దిగినప్పుడూ అదే మాట వాడినాడు. ‘బాయి పనికి పోతున్నా’ అంటే గనిలో పనికి వెళ్తున్నానని అర్థం.

ఇల్లందులోని పాత భూగర్భ గనులు మూతపడినవి. తరువాత వచ్చిన ఉపరితల గనులలో ముందుగా అడవిని తొలగించి, పైమట్టిని తీసి గుట్టలుగా పోస్తారు. ఆ గుట్టలపై మరల మొక్కలు నాటుతారు. పెరిగేది మాత్రం పాత అడవి కాదు. బాయిలు మూతపడితే బాయి మాటలూ మరుగున పడతాయి. మీ ఇంటి పెద్దలలో గనులలో పనిచేసినవారు ఉన్నచో, వారు వాడిన మాటలను అడిగి, తెలుగు లిపిలో వ్రాసి ఉంచండి.