మగ ఈగకూ నచ్చాలి

పెళ్లి మాటలొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు సైన్సును సాక్ష్యానికి పిలుస్తారు. "ప్రకృతిలో మగది ఎగబడుతుంది, ఆడది ఎంచుకుంటుంది, అంతే" అని తీర్పు చెప్పేస్తారు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటను పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించింది ఒక ఈగ. మధురవాడలో అరటిపళ్లు బాగా మాగినా, సింహాచలం కొండ పనసపండు ఒలిచినా ఎక్కడినుంచో వచ్చి మూగే ఎర్రకళ్ల చిన్న ఈగే అది. శాస్త్రజ్ఞులు డ్రోసోఫిలా అంటారు. రెండున్నర మిల్లీమీటర్ల ప్రాణి. ఆ మాటకు ఎసరు పెట్టిందీ అదే.

1948లో ఆంగస్ బేట్‌మన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఈ ఈగల్ని సీసాల్లో కలిపి పెట్టాడు. ప్రతి ఈగకూ పైకి కనిపించే ఒక లోపం ఉండేలా చూసుకుని, ఆ లోపాన్ని బట్టి ఏ పిల్ల ఎవరిదో లెక్క కట్టాడు. మగదానికి ఎన్ని జతలు దొరికితే అంత సంతానం, ఆడదానికి ఒక్క జత చాలు అని తేల్చాడు. ఆ లెక్క మీద తరువాతివాళ్లు పెద్ద మేడే కట్టారు. 2012లో ప్యాట్రీషియా గోవాటీ బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేసింది. తల్లి లోపమూ తండ్రి లోపమూ రెండూ సంక్రమించిన పిల్లలు చాలావరకు పెద్దవి కాకముందే చచ్చిపోతున్నాయి. చచ్చినవి లెక్కలోకి రావు కదా. పునాదిలోనే తేడా ఉందన్నమాట.

అసలు మగది ఎవరినైనా సరే అనుకోవాలంటే దానికి ఖర్చేమీ ఉండకూడదు. ఖర్చుంది. ఈ ఈగ వీర్యకణం పొడవు దాదాపు 1.8 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు దాని ఒంటి పొడవు. దీని దాయాది డ్రోసోఫిలా బైఫర్కాది మరీ చోద్యం. దాని ఒక్కో కణం 5.8 సెంటీమీటర్లు, ఈగ కంటే ఇరవై రెట్లు! దారపు ఉండలా చుట్టుకుని ఉంటుంది. తిమింగలానికి కూడా లేనంత పొడుగు కణాన్ని పనసతొన మీద వాలే జాతి ప్రాణి మోస్తోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సరే, మన వీధి ఈగకు వద్దాం. వీర్యంతోపాటు అది ఎన్నో రకాల ప్రొటీన్లు కూడా ఇవ్వాలి. వరసగా కొన్ని జతలు కట్టాక ఆ నిల్వ అడుగంటుతుంది. 1981లో లిండా పార్ట్రిడ్జ్, మరియన్ ఫార్కర్ కొత్త ఆడ ఈగల్ని రోజూ అందుబాటులో ఉంచిన మగ ఈగలు తొందరగా చచ్చిపోతాయని చూపించారు. అంత ఖరీదైన వ్యవహారానికి బేరం చూసుకోకుండా ఎవరు దిగుతారు?

ఇక్కడ నాకు పెళ్లిచూపులే గుర్తొస్తాయి. మగ ఈగ ముందు ఆడ ఈగ వైపు తిరిగి నిలబడుతుంది. వెనకాలే నడుస్తుంది. తరువాత ముందు కాలు చాపి దాని ఒంటిని మెల్లగా తాకుతుంది. అసలు విచారణ ఈ తాకడంలోనే ఉంది. ఈగకు రుచి తెలిసేది నోటితో మాత్రమే కాదు, కాళ్లతో కూడా. ముందు కాళ్ల మీద సన్నటి వెంట్రుకలుంటాయి. వాటి కొసన ఉన్న రంధ్రంలోకి అవతలి ఈగ చర్మం మీది మైనపు పూత అంటుకోగానే లోపలి నాడులు చదవడం మొదలుపెడతాయి. ఆ పూతలో మొదట తెలిసేది గోత్రం. మన ఈగ జాతి ఆడదాని ఒంటి మీద ఉండే ఒక పదార్థం, అచ్చం దానిలాగే కనిపించే సిమ్యులాన్స్ జాతి ఆడదాని మీద ఉండదు. మన మగ ఈగకు అదే పిలుపు. సిమ్యులాన్స్ మగదానికి అదే రుచి తగిలితే అక్కడికక్కడే సంబంధం వద్దని లేచి వెళ్లిపోతుంది. రెండో విషయం, ఎదుట ఉన్నది అమ్మాయేనా అన్నది. మగ ఈగల పూతలో వేరే పదార్థం ఎక్కువ, అది తగిలితే ఉత్సాహం చల్లారుతుంది. మూడోది, ఇదివరకే పెళ్లయిందా? జతకట్టేటప్పుడు మగది ఆడదానికి ఒక వాసన అంటించి పోతుంది. తరువాత వచ్చినవాడికి ఆ వాసనే జవాబు.

గోత్రం కుదిరితే పాట. మన పెళ్లిచూపుల్లో అమ్మాయిని పాడమంటారు, ఇక్కడ పెళ్లికొడుకే పాడాలి. ఒక రెక్క పక్కకు చాపి అదిరిస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామం సెకనులో సుమారు ముప్పయ్యో వంతు. సిమ్యులాన్స్ విరామం ఇంకాస్త ఎక్కువ. తాళం తప్పిన పాటకు ఆడ ఈగ లొంగదు. ఈ తతంగాన్నంతా మగ ఈగ ఎవరూ నేర్పకుండానే చేస్తుంది. ఫ్రూట్‌లెస్ అనే జన్యువు మగ రూపాన్ని ఆడ ఈగల్లో పెడితే అవి సాటి ఆడ ఈగల వెంట పడ్డాయని 2005లో వియన్నాలో తేల్చారు.

ఇక ఎంపిక. పెద్ద ఒళ్లున్న ఆడ ఈగకు గుడ్లెక్కువ. మగవి వాటికేసే మొగ్గుతాయి. 2009లో ట్రిస్టన్ లాంగ్ బృందం దీనికి ఇంకో ముఖం చూపించింది. అందరూ ఎగబడేసరికి ఆ పెద్ద ఆడ ఈగలకు ఊపిరాడక, ఎక్కువ గుడ్లు పెట్టగల అనుకూలత తగ్గిపోతోంది. కట్నం లేని పెళ్లిచూపుల్లోనూ అందగత్తెకు సుఖం లేదు! పైగా మగ ఈగకు జ్ఞాపకం కూడా ఉంది. ఒకసారి జతకట్టిన ఆడ ఈగ తిరస్కరించి పంపిస్తే, ఆ తరువాత కొన్ని గంటలపాటు కొత్తదాని వెంట పడడానికి కూడా తటపటాయిస్తుందని 1979లోనే సీగెల్, హాల్ చూపించారు. తిరస్కారానికి గురైన మగ ఈగలు సారా కలిపిన ఆహారం వైపు ఎక్కువగా మొగ్గాయని 2012లో వచ్చిన ప్రయోగాన్ని పట్టుకుని వాట్సాప్‌లో ఈగను దేవదాసును చేశారు. ఈగకు పార్వతి ఎవరో తెలియదు.

ఇప్పుడు మామిడి తోటల వాళ్లు అడిగే ప్రశ్న. "లింగాకర్షక బుట్టలో పడేవన్నీ మగవేనట, గుడ్లు పెట్టేది ఆడది కదా, మగవాటిని చంపి లాభమేంటి?" ఇది వేరే ఈగ. డ్రోసోఫిలా పండు మాగి పులిసే దాకా ఆగుతుంది. రైతులు పండు ఈగ అనే బాక్ట్రోసెరా అంతవరకూ ఆగదు. పక్వానికి వచ్చిన కాయ తొక్కను గుచ్చి గుడ్లు పెడుతుంది. సువర్ణరేఖ, బంగినపల్లి కోసి చూస్తే లోపల పురుగులుండేది దీనివల్లే. 2014 మేలో యూరోపియన్ యూనియన్ మన మామిడి దిగుమతిని ఆపేసిందీ దీనివల్లే.

ఈ జాతిలో మగది సాయంసంధ్యలో పరిమళం వెదజల్లి ఆడదాన్ని పిలుస్తుంది. ఆ పరిమళానికి ముడిసరుకు మిథైల్ యూజినాల్. కొన్ని మొక్కల్లో దొరికే దాన్ని మగది నాకి తిని, ఒంట్లో రూపం మార్చి దాచుకుంటుంది. అది తిన్న మగవాటికి జత దొరికే అవకాశం ఎక్కువ. అందుకే ఆ వాసనంటే పడి చస్తుంది. బుట్టలో పెట్టే ఎర అదే. తులసి దగ్గరికి పురుగు రాదనే నమ్మకం ఒకటి మనవాళ్లలో ఉంది కదా, తులసిలో ఈ మిథైల్ యూజినాల్ ఉంది. మగ పండు ఈగలు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. వంద ఏళ్ల కిందటే బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే కీటక శాస్త్రజ్ఞుడు సిట్రొనెల్లా నూనె వాసనకు ఈ మగ ఈగలు రావడం గమనించి, చివరికి ఈ పదార్థం దగ్గర తేలాడు. 1965 నాటికి పసిఫిక్ మహాసముద్రంలోని రోటా దీవిలో ఈ ఎరతోనే మగవాటిని ఏరేసి ఈగను పూర్తిగా తుడిచిపెట్టారు.

దీవి కాబట్టి అది కుదిరింది. ఒక్క మగ ఈగ మిగిలినా పలు ఆడ ఈగలకు సరిపోతుంది. అందుచేత తోటకు ఒక మూల ఒక బుట్ట కట్టి చేతులు దులుపుకుంటే ఫలితం ఉండదు. పెరట్లో ఒక్క మామిడి చెట్టున్న మధురవాడ వాళ్లకు కూడా ఇదే చెబుతాను. కాయ పక్వానికి రాకముందే బుట్ట కట్టండి, ఇరుగుపొరుగు చేత కూడా కట్టించండి. రాలిన కాయల్ని చెట్టు కింద వదలకండి. వాటిలోని పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై లేస్తుంది. లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టండి.