పాత వేడినీళ్ల పైపు కోసే ముందు...

చలిదేశాల్లో ఇల్లు వెచ్చగా ఉండటానికి గోడల వెంట వేడినీళ్ల పైపులు వేస్తారు. ఖురంలో ఆ అవసరం లేదు. ఇక్కడ ఉన్నవి గీజరు నుంచి బాత్రూముకు, వంటింటికి పోయే పైపులు. పాత విల్లాల్లో అవి ఇంకా జి.ఐ. పైపులే. లోపల తుప్పు పేరుకుని నీళ్లు సన్నగా వస్తుంటే, అర్బాబు ప్లంబరును పిలవడు. ఇంట్లో ఉన్న డ్రైవరునో, తోట చూసే మనవాడినో పిలిచి కటింగ్ మిషన్ చేతికిస్తాడు. ఆ మాట కాదనలేక పనిలోకి దిగే సోదరుల కోసమే మేము ఇది రాస్తున్నాం.

ముందుగా ఆ పైపు కోయాల్సిన అవసరం ఉందేమో చూడండి. చాలా చోట్ల దగ్గరలోనే యూనియన్ ఉంటుంది. రెండు పైపు రెంచీలు తీసుకుని ఒకదానితో పైపును కదలకుండా పట్టి, రెండోదానితో తిప్పితే ఊడి వస్తుంది. అలా రాకపోతేనే కోత.

గీజరు స్విచ్ ఆపినంత మాత్రాన లోపలి నీళ్లు చల్లబడవు. ముందు వేడినీళ్ల కుళాయి తిప్పి, చల్లటి నీళ్లు వచ్చేదాకా వదలండి. ఆ తర్వాత పైకప్పు ట్యాంకు వాల్వు కట్టేసి, ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తెరవండి. పైన ఉన్న కుళాయి కూడా తెరవాలి, గాలి పోతేనే నీళ్లు దిగుతాయి. పాత గేటు వాల్వులు పూర్తిగా మూసుకోవు కాబట్టి కింద బకెట్టు ఉంచండి. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి.

చాలామంది పట్టించుకోనిది కరెంటు సంగతి. పాత ఇళ్లలో ఎర్తు తీగను ఈ ఇనుప పైపుకే కట్టి ఉండొచ్చు. ఎక్కడో మోటారులోనో, గీజరులోనో కరెంటు లీకవుతుంటే అది ఈ పైపు గుండానే భూమిలోకి పోతుంది. మీరు పైపును రెండుగా కోసి ఆ చివర ఒక చెయ్యి, ఈ చివర ఒక చెయ్యి పెట్టారంటే కరెంటుకు దారి మీ ఒళ్లే. ఇక్కడ సరఫరా 240 వోల్టులు, ప్రాణం తీయడానికి చాలు. టెస్టరు వెలగలేదని ధైర్యపడొద్దు. మెయిన్ స్విచ్ ఆపించండి. 'కహరబా బంద్' అంటే ఇంటివాళ్లకు అర్థమవుతుంది. కోసిన చోట ప్లాస్టిక్ పైపు వేస్తే ఆ ఎర్తు శాశ్వతంగా తెగిపోతుంది. అందుకే ఎలక్ట్రీషియన్ చూసి సరే అనేదాకా మెయిన్ వెయ్యనివ్వొద్దు.

మెయిన్ ఆపితే కటింగ్ మిషన్ ఎలాగూ తిరగదు. మా ఉద్దేశంలో అదీ మంచిదే. అలవాటు లేనివాడికి ఆక్సా బ్లేడే మేలు. అంగుళానికి 24 పళ్లున్న బ్లేడు తీసుకుని పళ్లు ముందుకు చూసేలా బిగించండి. అరగంట పడుతుందేమో, వేళ్లు మాత్రం మిగులుతాయి. బ్యాటరీ మిషన్ వాడక తప్పకపోతే గార్డు తీయకండి. డిస్కు మీద రాసిన స్పీడు మిషన్ స్పీడు కన్నా తక్కువ ఉండకూడదు. డిస్కు మధ్యలోని ఇనుప రింగు మీద తేదీ ఉంటుంది, అది దాటిపోతే పారేయండి. పైపు కుంగితే డిస్కును నొక్కేస్తుంది, మిషన్ ఒక్కసారిగా మీ మీదికి ఎగురుతుంది. అందుకని రెండు వైపులా ఆసరా పెట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి, లుంగీ, వదులు చొక్కా వద్దు. దగ్గర్లో థిన్నరు, పరుపులు, గ్యాస్ సిలిండరు ఉంటే ముందు వాటిని తీయించండి.

పైపు చుట్టూ తెల్లటి సున్నంలాంటి పాత చుట్ట ఉందా? దాన్ని గీకొద్దు, కోయొద్దు. అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత క్యాన్సర్ తెస్తుంది. అలాగే జి.ఐ. పైపును గ్యాస్ మంటతో కోయొద్దు. పైనున్న జింకు పూత కాలి వచ్చే తెల్లటి పొగ పీలిస్తే, సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది.

వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా 'సబ్బాక్‌ను పిలవండి' అని చెప్పండి. సబ్బాక్ అంటే ప్లంబరు. వేరే ఇంటివాళ్లు నాలుగు రియాళ్లు ఇస్తామంటే అసలే వెళ్లొద్దు. సొంత కఫీలు దగ్గర కాక బయట పనిచేయడం ఒమన్ చట్టం ప్రకారం నేరం, దెబ్బ తగిలితే అడిగేవాడూ ఉండడు.

ప్రమాదం జరిగితే 9999కి ఫోన్ చేయండి. కాలిన చోట చాలాసేపు మామూలు చల్లటి నీళ్లు పోయండి, టూత్‌పేస్టు, పసుపు పూయకండి. కాలిన గాయాలకు, తెగిన చేతులకు పేరున్న ఖౌలా ఆసుపత్రి ఖురం పక్కనే ఉంది. వేలు తెగితే ఆ ముక్కను తడిబట్టలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి తీసుకెళ్లండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు.