తీగ లేకుండానే తేలే లెక్క

"డెబ్బై శాతం బ్లాక్ ఉంది." రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువారైనా, విశాఖలోని వారి బంధువులైనా యాంజియోగ్రామ్ అయ్యాక ఇలాంటి మాటే వింటారు. చాలాసార్లు అది ఎక్స్‌రే సినిమాలో రంగు మందు పారిన దారిని చూసి కంటితో వేసిన అంచనా. ఆ ఇరుకు వల్ల గుండె కండరానికి రక్తం చాలడం లేదా అన్నది వేరే ప్రశ్న.

అమెరికన్ వైద్యుడు లాన్స్ గౌల్డ్ 1974లో కుక్కలపై చేసిన ప్రయోగాల్లో ఈ రెండింటి మధ్య తేడా బయటపడింది. విశ్రాంతిలో ధమని సుమారు 85 శాతం ఇరుకయ్యేదాకా ప్రవాహం తగ్గలేదు. గరిష్ఠ ప్రవాహం మాత్రం సగం ఇరుకు కాకముందే తగ్గసాగింది.

ఆ తగ్గుదలను అంకెలో పెట్టినవారు నికో పెయిల్స్, బెర్నార్డ్ డి బ్రాయిన్. 1990లలో వారు రూపుదిద్దిన, ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వ్ అనే ఎఫ్‌ఎఫ్‌ఆర్ పరీక్షలో 0.014 అంగుళాల ప్రెషర్ వైర్ అనే సన్నని తీగ‌ను ఇరుకు దాటిస్తారు. అడినోసిన్ అనే మందు ఇచ్చి ప్రవాహాన్ని గరిష్ఠానికి తెస్తారు. బృహద్ధమనిలో సగటు ఒత్తిడి 100, ఇరుకు అవతల 72 ఉంటే ఫలితం 0.72. 0.80 లేదా అంతకన్నా తక్కువైతే ఆ ఇరుకు రక్తాన్ని అడ్డుకుంటున్నట్టే. 2009లో ఫేమ్ అధ్యయనం 1,005 మందిలో, కంటి అంచనాతో పోలిస్తే ఈ కొలతతో స్టెంట్లూ తగ్గాయని, ఏడాదిలో మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స వంటివి 18.3 నుంచి 13.2 శాతానికి దిగాయని చూపింది.

అయినా తీగకు ఖర్చుంది, అడినోసిన్‌తో కొందరికి కాసేపు ఛాతీ బిగుసుకుంటుంది. అందుకే షెంగ్‌షియాన్ టు, యోహాన్ రైబర్ బృందాలు యాంజియోగ్రామ్ చిత్రాల నుంచే లెక్క రాబట్టాయి. దాని పేరు క్వాంటిటేటివ్ ఫ్లో రేషియో, క్లుప్తంగా క్యూఎఫ్‌ఆర్. కనీసం 25 డిగ్రీల తేడాతో తీసిన రెండు చిత్రాల నుంచి సాఫ్ట్‌వేర్ ధమనిని త్రిమితీయంగా కడుతుంది. రంగు మందు ఎన్ని ఫ్రేముల్లో ఎంత దూరం పాకిందో చూసి వేగం లెక్కగడుతుంది. ప్రవాహ సూత్రాలతో ఒత్తిడి ఎక్కడ ఎంత పడిపోతుందో చెబుతుంది. బస్తర్ నుంచి కూడా రోగులు వచ్చే రాయ్‌పూర్ లాంటి ఊరికి ఇది పెద్ద ఆశ: కాథ్ ల్యాబ్‌లో ఎలాగూ తీసే చిత్రాలే దీనికి ముడిసరుకు.

చైనాలో 3,825 మందిపై జరిగి 2021లో వెలువడిన ఫేవర్-3 అధ్యయన ఫలితాల్లో, కంటి అంచనాతో చికిత్స పొందినవారిలో ఏడాదిలో 8.8 శాతం మందికి తీవ్ర సమస్యలు వస్తే, క్యూఎఫ్‌ఆర్ వాడినవారిలో 5.8 శాతమే. అయితే 2,000 మందితో సాగి 2024లో ఫలితాలు వెలువడిన యూరప్ అధ్యయనం దీన్ని నేరుగా తీగతో పోల్చింది. ఏడాదిలో తీవ్ర సమస్యలు తీగ వైపు 4.2 శాతం, క్యూఎఫ్‌ఆర్ వైపు 6.7 శాతం. అంటే కంటి అంచనా కన్నా లెక్క మేలు, తీగతో సమానమని మాత్రం ఇంకా అనలేం. రక్తనాళాలు ఒకదానిపై ఒకటి పడి కనిపించినా, చిత్రం సరిగా రాకపోయినా లెక్క తప్పుతుంది.

గుండెపోటు వేళ ఇవేవీ అడగనక్కర్లేదు, మూసుకుపోయిన నాళం తెరవడమే ముఖ్యం. నిలకడగా ఉన్న రోగికి మధ్యస్థంగా ఇరుకు కనిపిస్తే మాత్రం స్టెంట్‌కు సమ్మతించే ముందు, "ఈ బ్లాక్ రక్తాన్ని నిజంగా ఆపుతోందా, కొలిచారా డాక్టర్ గారూ?" అని అడగండి. అది రోగి హక్కు.