మీకు తెలుసా? మెరుపు రేడియోలో పలుకుతుంది
మృగశిర కార్తెలో మబ్బు కంటబడకముందే కృష్ణగిరి చేలల్లో మీడియం వేవ్ రేడియో చిటపటమంటుంది. అది సెట్టు లోపం కాదు, దూరాన మెరుపు పుట్టించిన రేడియో తరంగాల చప్పుడు. బోరు మోటారు గోలా ఇలాగే ఉంటుందంటారా? అది ఏకధాటిగా మోగుతుంది, మెరుపు తెగి తెగి పలుకుతుంది. సెట్టును మెల్లగా తిప్పండి. ఒకచోట గరగర సన్నగిల్లితే, లోపలి ఫెర్రైట్ కడ్డీ కొన మెరుపున్న దిక్కుకో, దానికి సరిగ్గా ఎదురు దిక్కుకో ఉన్నట్టు. ఆదోనిలో ఒకరు, ఎమ్మిగనూరులో ఒకరు అలా గీతలు గీస్తే, అవి కలిసేచోటుకు దగ్గర్లోనే ఉరుము. 1920లలో బ్రిటిష్ శాస్త్రవేత్త రాబర్ట్ వాట్సన్-వాట్ ఉరుముల జాడ పట్టింది ఇలాంటి పద్ధతితోనే. ఆయనకు పేరు తెచ్చిన రాడార్ ఆ తర్వాతి సంగతి. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఉండగా ఇదెందుకంటే, ఆ యాప్ వెనకున్న సెన్సర్లు వినేదీ ఈ తరంగాలనే. ఈ ఏడు వానలెలా ఉంటాయో మాత్రం రేడియోను అడగకండి. దాని జోస్యం కొన్ని గంటలదే.